కోరుట్ల బావి నీళ్లు, తైవాన్ ఆకు

మా వదిన కోరుట్ల నుంచి జగిత్యాలలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా తన నీళ్లు తానే తెచ్చుకుంటుంది. వదిన అంటే మా ఆయనకు అక్క. స్టీలు సీసా, దానికి చిన్న గిన్నెంత మూత, మూత పోకుండా తాడు. వచ్చి సోఫాలో కూర్చుని, ఫ్యాను వేయించుకుని, సంచిలోంచి సీసా తీసి, ఎత్తిపట్టి గటగటా తాగుతుంది. మళ్లీ మూత బిగించి సంచిలో పెట్టుకుంటుంది. మండుటెండలో వచ్చినా సరే, మా ఇంట్లో గ్లాసు ముట్టదు. తెలియనివాళ్లు ఆమెకేదో జబ్బు ఉందనీ, నీళ్లు మారితే పడదేమోననీ అనుకుంటారు. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. మా ఇంట్లో చుక్క నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకుంది, అంతే.

ఒట్టుకు కారణం పాలు. మా దిక్కు కొత్త ఇంట్లో మొదట పాలు పొంగించేది ఆడబిడ్డ. ఇల్లు ఎవరు కట్టుకున్నా, ఆ పొయ్యి మీద తొలి పాలు మాత్రం ఆ వంశంలో పుట్టిన ఆడపిల్ల చేతుల మీదుగా పొంగాలి. అది ఆమె హక్కు. మేం ఈ ఇంటి గృహప్రవేశం పెట్టుకున్న రోజున వదిన ఎక్కిన ఆటో దారిలో మొరాయించింది. ముహూర్తం దాటిపోతోందని అయ్యగారు ఒకటే తొందర. "ఎవరో ఒకరు కానియ్యండమ్మా" అన్నాడు. పొయ్యి ముందు నిలబడి ఉన్నది నేను. కానిచ్చాను. పాలు పొంగి పొయ్యి మీదికి కారుతుండగా వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో వదిన. ముఖమంతా చెమట. చేతుల్లో కొత్త ఇత్తడి గిన్నె, దాన్నిండా తన బర్రె పాలు, పైన తడిబట్ట. తొణక్కుండా కోరుట్ల నుంచి ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

గిన్నెను గోడ పక్కన దించి, "అయిపోయిందా? మంచిది. ఇగ గీ ఇంట్ల నేను చుక్క నీళ్లు ముట్ట" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ముహూర్తం నా చేతిలో లేదు, ఆటో అసలే లేదు. మొదట్లో ఈ మాట ఆమెతో అని చూశాను. బతిమాలాను, అలిగాను, చివరికి విసుగొచ్చి అడగడమే మానేశాను. నాకూ ఒక ముఖం ఉంది కదా. ఆమె మాత్రం రావడం మానలేదు. రాఖీ పున్నమికి తప్పకుండా వస్తుంది. తమ్ముడికి రాఖీ కట్టి నోట్లో మిఠాయి పెడుతుంది. తమ్ముడు తన నోటికి అందించిన మిఠాయిని మాత్రం చేత్తో అందుకుని, కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంటుంది. కోరుట్లలో బస్సు దిగాక తింటుందట. మా ఆయన ఆ పూట అన్నం సగం కంచంలోనే వదిలేసి లేస్తాడు. నాకు వదిన మీద కోపం. ఆ సగం కంచం ఎత్తుతుంటే ఏడుపు. ఆమె ఒక్కసారి, ఒక్క గుటక ఈ ఇంట్లో తాగితే చాలనుకునేదాన్ని. ఆమె కోసం కాదు, ఆ కంచం కోసం.

ఇత్తడి గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె తీసుకుపోలేదు, నేను పంపించలేదు. పంపిస్తే తెంచుకున్నట్టు, వాడుకుంటే గుంజుకున్నట్టు ఉంటుంది. వంటింటి సజ్జ మీద బోర్లించి పెట్టాను. పండుగలకు మిగతా ఇత్తడి సామానుతో పాటు చింతపండు పెట్టి తోమి, మళ్లీ అక్కడే బోర్లిస్తాను.

సంగతి ఇలా ఉండగా మా ఇంటికి తైవాన్ చాయ్ వచ్చింది. అది సిరిసిల్ల మీదుగా వచ్చింది.

సిరిసిల్లలో మా తమ్ముడికి మరమగ్గాలున్నాయి. ఇల్లు ముందు, షెడ్డు వెనక. ఆ చప్పుడుకు అలవాటుపడి వాళ్లింట్లో అందరూ అరిచినట్టే మాట్లాడతారు. కరెంటు పోయినా అదే గొంతు. ఈ ఎండాకాలం వాళ్లింటికి పోతే తమ్ముడు ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"కొత్త మగ్గాలు సూద్దామని సూరత్ ఎగ్జిబిషన్‌కు పోయిన అక్కా. ఆడ తైవాన్ ఆయన ఒకడు గిది చేతిల పెట్టిండు. మగ్గమైతే కొనలే గనీ, చాయ్‌పత్త మర్యాదకు తీస్కున్న."

"మంచిగున్నదా?"

"ఏం మంచి! పాలు పోసి, చక్కెరేసి, మస్తు సేపు మరిగిచ్చినం. పాలకూర ఉడకవెట్టిన నీళ్ల లెక్క ఉన్నది."

"ఉడికినంక సూడాలె అక్కా" అని మరదలు వంటింట్లోంచి అరిచింది. "గోలీలు గోలీలుగ ఉన్నదంత గింతంత ఆకులైంది. తాలింపు పెట్టుకుంటే ఒక పూట కూరయితుండె."

పెట్టెలో రెండు వెండిరంగు ప్యాకెట్లు ఉన్నాయి. ఒకటి తెరిచి సగం వాడారు, ఇంకొకటి అలాగే ఉంది. చైనా అక్షరాల కాగితం ఒకటి, బొటనవేలంత పొట్టి కప్పు ఒకటి ఉన్నాయి. పక్కన ఇంకో కప్పు పట్టేంత గుంట ఖాళీగా ఉంది. ఇదేదో పోయినట్టుందే అని అడిగాను. తమ్ముడు తల గోక్కున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉండే కప్పట. మరదలు దాన్ని దేవుడి దగ్గర అగరబత్తీలు గుచ్చడానికి పెట్టుకుంది.

"గా ఆయన ముందుగాల తాగనియ్యలే అక్కా" అని తమ్ముడు చేతులతో చూపించాడు. "చాయ్ పొడుగు దాంట్ల పోసిండు. పొట్టి దాన్ని మీద బోర్లిచ్చిండు. రెండు కలిపి ఉల్టా చేసిండు. చాయ్ పొట్టి దాంట్లకు దిగింది. ఇగ ఉత్త పొడుగు గిలాస నా చేతికిచ్చి ముక్కుకు పెట్టుకొమ్మన్నడు. అందరు సూస్తుంటే పిచ్చోని లెక్క ఉత్త గిలాసను వాసన సూసిన."

"ఏం వాసనొచ్చింది?"

"మగ్గాల నూనె వాసనకు నా ముక్కు ఎప్పుడో ఖరాబైంది. నన్నడుగుతవేంది?"

ఆ మాటతో నా బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. తాగడానికి ఒక కప్పు, వాసన చూడటానికే ఇంకో కప్పు! మనం చాయ్‌ని అల్లం వేశామా, యాలకులు వేశామా అని అడుగుతాం తప్ప, ఖాళీ గ్లాసును ముక్కుకు పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. దేవుడికి పెట్టింది వెనక్కి తీస్తారా అని మరదలు గునిసింది. కొత్త అగరబత్తీ స్టాండు కొనిస్తానని చెప్పి ఆ కప్పును, పెట్టెను, ఉన్న చాయ్‌పత్తను సంచిలో వేసుకుని జగిత్యాల బస్సెక్కాను.

ఇంటికొచ్చి మొదట చేసిన పని బీరువాలో పెట్టి తాళం వేయడం. మా ఇంట్లో విలువైనది ఏదైనా దాని చోటు అదే: బంగారమైనా, భూమి కాగితాలైనా, పట్టుచీరలైనా. పట్టుచీరలు ఉన్నచోట పురుగు పట్టకుండా వేసే డాంబర్ గోలీలు ఉంటాయి. తెరిచిన ప్యాకెట్‌ను చీరల మడతల మధ్య భద్రంగా పెట్టాను. వారం తిరిగాక తీరిగ్గా చాయ్ చేసి, మా ఆయనకు కప్పందించాను. ఆయన ఒక గుక్క తాగి, నా వైపు చూసి, ఇంకో గుక్క తాగలేదు.

"తైవానోళ్లు డాంబర్ గోలీలు గూడ తాగుతరా?"

నేనూ తాగి చూశాను. నా పెళ్లిచీరను నీళ్లలో ముంచి పిండినట్టుంది. చాయ్ ఆకు పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసనను పీల్చుకుంటుందని తర్వాత తెలిసింది. అప్పటికి ఆ ప్యాకెట్ పోయినట్టే. మిగిలింది మూతి విప్పని ప్యాకెట్ ఒక్కటి. దాన్ని గాజు సీసాలో పెట్టి, సీసాను ఏ వాసనా తగలని చోటు కోసం ఇల్లంతా వెతికి, చివరికి టీవీ కింద అరలో పెట్టాను. అల్లం, వెల్లుల్లి, ఇంగువ వాసన రాని మూల మా ఇంట్లో అదొక్కటే అని ఆ రోజే గ్రహించాను.

నేను జగిత్యాలలో ఒక ల్యాబులో రక్తం, మూత్రం పరీక్షలు చేస్తాను. ఏదైనా కొత్తది కనిపిస్తే రంగు చూడటం, వెలుతురుకు పట్టడం, ఏది మారిస్తే ఏం మారుతుందో చూడటం చేతికి అలవాటైపోయింది. సెలవురోజు వస్తే ఈ చాయ్ ముందు కూర్చునేదాన్ని. ల్యాబు సామాను అమ్మే దుకాణంలో కొత్త గాజు బీకరు కొనుక్కొచ్చాను, ఆకు విచ్చుకోవడం కనిపించాలని. మొదటిసారి సరిగ్గా దిగిన చాయ్ రంగు చూసి పకపకా నవ్వాను. పొద్దస్తమానం నేను చూసే రంగే అది. నీళ్లు బాగా తాగే ఆరోగ్యవంతుడిది. ఈ మాట మా ఆయనతో అనకుండా ఉండాల్సింది. ఆయన ఆ రోజు కప్పు ముట్టలేదు.

మొదట ఎక్కువసేపు నానబెట్టాను. చేదెక్కి నాలుక పిడచకట్టింది. తగ్గించాను, పచ్చి వాసన. ఫోనులో వీడియోలు చూశాను. వాటిలో అందరూ నిద్రలో ఉన్నట్టు మెల్లగా మాట్లాడతారు. నాకు అంత ఓపిక లేదు, వేగం పెంచి చూశాను. వాటివల్ల ఒక్క సంగతి మాత్రం నా మనసుకు పట్టింది. కోసిన ఆకును ఎండలో వాడబెట్టి, వెదురు చాటల్లో ఎగరేస్తూ కదిలిస్తారట. అంచులు నలుగుతాయి. నలిగినచోట గాలి తగిలి రంగు మారడం మొదలవుతుంది, వంకాయ ముక్క కోసి పెడితే నల్లబడినట్టు. మనం రోజూ తాగే చాయ్‌పత్తను పూర్తిగా నల్లబడనిస్తారు. గ్రీన్ టీని అసలే నల్లబడనివ్వరు. ఇదేమో మొదలవనిచ్చి, ఇంక చాలని వేడి తగిలించి ఆపేసిన ఆకు. ఎక్కడ ఆపాలో ఎవరో ఒక మనిషి ఆకు వాసన చూసి చెబుతాడు. నానిన ఆకును పళ్లెంలో పరిచి చూశాను. నడుమంతా పచ్చగా ఉండి, అంచు వెంట మాత్రం తుప్పురంగు గీత ఉంది. ఆ గీత చూస్తే భలే సంతోషమేసింది. ఎక్కడో కొండ మీద ఒకాయన "చాలు" అన్న చోటు అది.

ఇంకో వింత ఏమిటంటే ఇందులో అదే ఆకు మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తారు. ఒక్కోసారి ఒక్కో రుచి. మా దిక్కు చుట్టానికి వాడిన పత్తతో మళ్లీ చాయ్ పెడితే, ఆ చుట్టం పోయి ఊరంతా చెప్పుకుంటుంది. మా ఆయనకూ అదే అనుమానం. "అయిపోయిన పత్తను ఇంకెన్నిసార్లు పిండుతవ్?" అని నా పిసినారితనాన్ని ఎగతాళి చేసేవాడు.

అన్నీ కుదిరినట్టే ఉన్నా ఎక్కడో ఒక కొరత. వాసన బ్రహ్మాండంగా ఉండేది, నాలుక మీద మాత్రం ఏమీ నిలిచేది కాదు. నీళ్ల మీద అనుమానం వచ్చింది. మా బోరు నీళ్లతో పెడితే చాయ్ మీద సన్నటి పొర కట్టింది. నల్లా నీళ్లతో పెడితే బ్లీచింగ్ వాసన ముందు, చాయ్ వెనక. ఫిల్టర్ నీళ్ల క్యానుతో కాస్త నయం, కానీ పలచన. ఏ నీళ్లు కావాలి దీనికి అని ఆలోచిస్తే ఒక్కటే బావి గుర్తొచ్చింది: వదినగారింటి వెనక, పసుపు చేను అంచున ఉన్న చేదబావి. పెళ్లయిన కొత్తలో అక్కడికి పోయినప్పుడు ఆ నీళ్లతో పప్పు పెడితే పొయ్యి మీద పెట్టీ పెట్టగానే మెత్తబడేది. వట్టి నీళ్లే ఇంకో గ్లాసు తాగాలనిపించేది. మా ఆయన కోరుట్లకు పోయినప్పుడు ఒక సీసా నింపుకు రమ్మంటే చాలు. అనలేదు. మా ఇంటి నీళ్లు ముట్టని మనిషిని, మీ నీళ్లు పంపండని ఎలా అడుగుతాను?

ఈలోగా రాఖీ పున్నమి వచ్చింది. పొద్దుటి నుంచీ ముసురు. వదిన తడిసిన సంచితో దిగింది. సంచినిండా మాకోసం పచ్చి మక్కకంకులు. ఇవ్వడానికి ఆమెకు ఒట్టు అడ్డం రాదు, తీసుకోవడానికే వస్తుంది. రాఖీ కట్టింది. మిఠాయి కాగితంలోకి పోయింది. సీసా బయటికి వచ్చి లోపలికి వెళ్లింది. మా ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

నేను ముందే ఒకటి అనుకున్నాను. చుక్క నీళ్లు ముట్టననే కదా ఒట్టు, వాసనకు ఒట్టు లేదు. కరెంటు పొయ్యి తెచ్చి హాల్లో టీపాయ్ మీద పెట్టి, ఆమె ఎదుటే కూర్చుని, చాయ్ మొదలుపెట్టాను. ఆమెను ఏమీ అడగలేదు.

కాసేపటికి ఆమే అంది: "గదేందే పిల్లా, దవాఖాన సామాన్ల చాయ్ పెడుతున్నవ్? గండ్ల ముందుగాల ఏం పోసిండ్రో ఏమో."

"కొత్తది వదినా. చాయ్ కోసమే కొన్న."

ఆమె ముందుకు వంగింది. వేడినీళ్లలో ఉండలు కదులుతూ, ఒక్కొక్కటిగా విచ్చుకుంటున్నాయి. "పురుగులు మేల్కొన్నట్టు కదులుతున్నయ్" అంది. ఇంకా వంగింది. "ఆకుకు ఆకు గట్లనే ఉన్నది సూడు. తొడిమె గూడ ఉన్నది."

పొడుగు కప్పులో చాయ్ పోసి, పొట్టి కప్పు బోర్లించి, తిరగేశాను. పొడుగు కప్పు పైకి తీసి ఆమెకు అందించాను. "ఇది తాగేది కాదు వదినా. ఉత్తదే. వాసన సూడుండ్రి."

ఆమె కప్పును వెలుతురుకు పట్టి చుక్క లేదని చూసుకుంది. తర్వాత ముక్కుకు పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"పాలకంకి ఒలిచినప్పుడు అచ్చే వాసన" అంది. మళ్లీ పీల్చింది. "కాదు, ఆగు. వెన్న కాస్తున్నట్టున్నది." కప్పు చల్లారుతుంటే వాసన మారుతోంది. "గిదేం ఇకమతే! ఇప్పుడు బెల్లంపాకం లెక్క అస్తున్నది. తమ్మీ, ఇటురా, నువ్వు సూడు."

మా ఆయన వచ్చి వాసన చూశాడు. "నాకు పసుపాకు వాసనస్తున్నది అక్కా."

"పసుపాకేంది, నీ ముక్కు పాడుగాను. మంచిగ సూడు!"

"నువ్వే మంచిగ సూడు. మన చేన్ల వాసనే ఇది."

ఇద్దరూ ఖాళీ కప్పు కోసం చేతులు గుంజుకున్నారు. అక్కా తమ్ముళ్లు ఇలా కొట్లాడుకోవడం ఈ ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్లూ ఇక్కడ వాళ్లు చుట్టాల్లాగే మాట్లాడుకున్నారు.

మా ఆయన పొట్టి కప్పులో చాయ్ తాగాడు. ఎట్లుందని వదిన అడిగింది. "వాసనంత రుచి లేదు" అన్నాడు ఆయన. కొంచెం సప్పగా ఉందట. వదిన నా వైపు తిరిగింది.

"ఏ నీళ్లు పోసినవే?"

"క్యాను నీళ్లు వదినా. ఫిల్టర్‌వి."

"గంతే మరి. సచ్చిన నీళ్లతోని చాయ్ పెడితే ఏం రుచుంటది?" అంటూ సంచిలోంచి సీసా తీసింది. "మా బాయి నీళ్లు పోసి సూడు."

ఆ సీసా నా చేతికి రావడం అదే మొదటిసారి. గిన్నెలో, బీకరులో మా నీళ్ల తడి లేకుండా పొడిబట్టతో తుడిచి, ఆమె నీళ్లు కొన్ని పోసి మరగబెట్టాను. కొత్త ఆకు వేశాను. ఆవిరే వేరుగా ఉంది. మా ఆయన ఒక గుక్క తాగి, వెంటనే ఇంకో గుక్క తాగాడు.

"ఏమైందిరా? చెప్పరాదు?"

"నువ్వే తాగి సూడు అక్కా" అనేశాడు. అన్నాక గాని తానేమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు. ముఖం పాలిపోయింది. నేను తలెత్తకుండా బీకరులోని ఆకులు చూస్తూ కూర్చున్నాను.

"నీళ్లు నాయే గదా" అంది వదిన, ఎవరితోనో అన్నట్టు.

"మీయే వదినా. మాది చుక్క గూడ కలువలే. గిన్నె తుడిసి పోసిన." ల్యాబులో నమూనా గురించి చెప్పినట్టే చెప్పాను.

ఆమె తాడుకు వేలాడుతున్న సీసా మూతను పట్టుకుని నా ముందుకు చాచింది. "గిండ్ల పొయ్యి."

మూతలో పోశాను. ఊదుకుంటూ తాగింది. మింగి, అలాగే ఆగిపోయింది. "చక్కెరెయ్యలే గదా?"

"లేదు."

"మింగినంక గొంతుల తీపస్తున్నది."

మళ్లీ చాచింది. అవే ఆకుల మీద మళ్లీ నీళ్లు పోస్తుంటే, "ఓ పిల్లా, వాడిన పత్తనే పోస్తున్నవా?" అంది. దీని తరీక ఇంతేనన్నాను. ఈసారి తీపి ముందే వచ్చిందంది. ఆ తర్వాతిసారి పచ్చి బఠాణీ రుచంది. మా ఆయన కాదన్నాడు. మక్కలు, పసుపు, వాళ్లమ్మ వెన్న కాచే గిన్నె, ఆ గిన్నె అడుగు గీకి తినడానికి ఇద్దరూ పడ్డ కొట్లాట, ఇలా మాటలు ఎటెటో పోయాయి. నేను నీళ్లు మరగబెడుతూ పోస్తూనే ఉన్నాను. సీసా తేలికవుతూ ఉంది. చివరికి బోర్లిస్తే రెండు చుక్కలు రాలాయి.

ఇక అయిపోయింది, ఇంతవరకైనా వచ్చిందనుకుని కప్పులు సర్దబోయాను.

"ఒడిసిందా?" అంది వదిన.

అవునంటే సరిపోయేది. ఆకుల వంక చూశాను. బీకరు నిండా పచ్చగా విచ్చుకుని ఉన్నాయి. అబద్ధం నోట రాలేదు. "పత్తల ఇంక దమ్మున్నది వదినా. నీళ్లే లెవ్వు."

ఆమె సీసా మూతను గట్టిగా బిగించింది. సీసాను సంచిలో పెట్టింది.

"నీళ్లు లెవ్వా?" అంది. "గింత పెద్ద ఇల్లు కట్టుకొని నీళ్లు లెవ్వంటవేందే? పో, పట్టుకరా. నాకొక గిలాస తే."

వంటింట్లో క్యాను ముందు కూర్చుని నీళ్లు పట్టాను. కళ్లు మసకబారి గిన్నె నిండి పొర్లింది. గ్లాసు కడిగి తెచ్చాను. ఆమె మా ఇంటి నీళ్ల చాయ్‌ని మా ఇంటి గ్లాసులో తాగింది.

"సప్పగున్నయే మీ నీళ్లు."

"సప్పగనే ఉంటయ్ వదినా."

అయినా అడుగుదాకా తాగింది. గ్లాసు కింద పెట్టి లేచింది. "గీ ఆకు నీళ్లతోని పానం నిమ్మలమైతదా? పాలున్నయా ఇంట్ల?"

ఫ్రిజ్‌లో ప్యాకెట్ పాలు ఉన్నాయన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని మా వంటింట్లోకి నడిచింది. గృహప్రవేశం నాటి నుంచి ఆ గుమ్మం దాటింది లేదు. నాలుగు దిక్కులా చూసి, సజ్జ మీద ఇత్తడి గిన్నె దగ్గర ఆగింది.

"గది దించు."

స్టూలెక్కి దించాను. ఆమె దాన్ని తిప్పి చూసింది, తళతళలాడుతోంది. కడిగి, ప్యాకెట్ కత్తిరించి పాలు పోసింది. "ఇవి పాలా, కుడితా" అని సణిగి, గ్యాసు వెలిగించింది. నేను పక్కన నిలబడ్డాను. పాలు కదిలాయి, అంచుల్లో నురగ కట్టాయి, పైకి లేచాయి. అలవాటుగా నా చెయ్యి గ్యాసు తిప్పబోయింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు."

పాలు ఇత్తడి అంచు దాటి, గిన్నె పక్కల వెంట కారి, మంట మీద చుర్రుమన్నాయి. పొయ్యంతా తెల్లగా పారాయి. ఆమె తృప్తిగా చూసేవరకు నా చెయ్యి వదల్లేదు. తర్వాత తానే మంట తగ్గించి, మా రోజువారీ చాయ్‌పత్త, చక్కెర వేసి, మరగనిచ్చి, ముగ్గురికీ గ్లాసుల్లో పోసింది. తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేకపోయాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏడుస్తవేందిరా? చల్లారుతది, తాగు" అంది వదిన.

వాన తెరిపిచ్చాక బస్సుకు బయల్దేరింది. గుమ్మం దాకా పోయి, మళ్లీ వెనక్కి తిరిగి, సంచిలోంచి సీసా తీసి నా చేతికిచ్చింది. "బస్సుల దూపయితది. గిండ్ల నీళ్లు నింపు."

మూతి దాకా నింపాను. ఆ పూట మా ఆయన కంచంలో మెతుకు మిగల్లేదు.